చప్పుడు లేని తలుపు

పేరు పెట్టి పిలిచేవాళ్ళు అతనికి ఎవరూ మిగల్లేదు. చుట్టాల్లో చిన్నా పెద్దా అందరికీ అతను 'పనికొచ్చే మావయ్య'. ఆ పేరు పెట్టింది అక్క కూతురు, ఇంకా బడికి వెళ్ళే వయసులో. బొమ్మ వస్తుందని కలలు కన్న పిల్ల క్రిస్మస్ పొద్దున రంగుకాగితం చింపితే లోపలనుంచి వానకోటు బయటపడింది. పైగా ముందుచూపుతో పెద్దది కొన్నాడేమో, చేతులు మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. "వచ్చే వానల్లో చూడమ్మా, ఎంత పనికొస్తుందో," అన్నాడు. "నువ్వు మావయ్యవి కాదు, పనికొచ్చే మావయ్యవి!" అని ఆ పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. తిట్టును బిరుదుగా పుచ్చుకునే మనుషులు కొందరుంటారు. మావయ్య ఆ రకం. ఆ రోజునుంచి ఆ పేరును పతకంలా మోశాడు.

అతని ఉద్యోగం ఒక పెద్ద హోటల్లో తలుపులు చూసుకోవడం. వినడానికి నవ్వులాటగా ఉంటుందిగానీ, అన్ని అంతస్తుల్లో అన్నేసి గదులున్న చోట తలుపుల కోసమే ఒక మనిషి కావలసిందే. పొద్దున్నే పనిముట్ల డబ్బా పుచ్చుకుని పొడుగాటి వరండాల వెంట నడుస్తాడు. ఖాళీ గది కనిపిస్తే తలుపు మెల్లగా తీసి, మూసి, చెవి ఒగ్గి వింటాడు. బందు ఎక్కడ అరిగిందో, చెక్క ఎక్కడ తేమకు ఉబ్బిందో, గడియ ఎక్కడ రాసుకుంటోందో అతనికి చెవితోనే తెలుస్తుంది. ఆకురాయితో ఒక రుద్దు, చిత్రికతో ఒక పట్టు, ఈకతో ఒక చుక్క నూనె. అంతే, తలుపు నోరు మూసుకుంటుంది. "వీళ్ళంతా నిద్ర కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు. పక్కగది తలుపు కిర్రుమంటే మేనేజరు ప్రాణం తోడేస్తారు," అని గొప్పగా చెప్పుకునేవాడు. అతని చెయ్యి పడ్డ తలుపు ఎప్పుడు తెరుచుకుందో, ఎప్పుడు మూసుకుందో లోపలున్నవాళ్ళకు కూడా తెలిసేది కాదు.

ఆ కళ్ళూ ఆ చెవులూ ఇంటికొచ్చాకైనా ఊరుకునేవా అంటే, లేదు. చలికాలం మొదలైందంటే ఎవరింటికి వెళ్ళినా టీ తాగుతూ గదంతా కలియజూసేవాడు. తోడల్లుడు స్నానాలగదిలో కాలు జారాడని చెవిన పడింది. క్రిస్మస్‌కు ఆయనకు గోడకు బిగించే స్టీలు కడ్డీ వచ్చింది. పొరుగింటి నర్సమ్మ పగిలిన మడమలు కంటపడ్డాయి. ఆవిడకు మెత్తని అట్టల చెప్పులు. పెళ్ళయిన తొలి క్రిస్మస్‌కు పెళ్ళానికి ఇచ్చింది, కప్పీల మీద తిరిగే బట్టల తీగ. ఆవిడ ఆ తీగను ఇప్పటికీ వాడుతోంది. ఇప్పటికీ క్షమించలేదు.

"బాగా చూసి ఇస్తారు, కాదనను," అనేది ఆవిడ. "ఒక్కసారైనా, ఏం కావాలే అని అడిగి ఇచ్చారా?"

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడక్కుండానే పెడుతున్నాను. అమ్మకన్నా రెండాకులు ఎక్కువే చదివాను."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ఎవరు వాదిస్తారు? ఆవిడ తడిబట్టల బకెట్టు ఎత్తుకుని, ఆ తీగ దగ్గరికే వెళ్ళిపోయేది.

నిజం చెప్పాలంటే, ఇవ్వడంకన్నా ఇచ్చినదాన్ని విప్పుతుంటే చూడటం అతనికి ఎక్కువ ఇష్టం. అందుకే అక్క ఇంట్లో అందరూ కూడే క్రిస్మస్‌కు ఒక నియమం పెట్టాడు. కానుకను పక్కకు తీసుకెళ్ళి విప్పకూడదు. నలుగురి మధ్యా నిలబడి విప్పాలి. లోపలున్నది పైకెత్తి చూపించాలి. అప్పుడు ఎవరో ఒకరు, "ఔరా, ఎలా కనిపెట్టావయ్యా!" అనాలి. ఆ ఒక్క మాట అతనికి మళ్ళీ క్రిస్మస్ దాకా సరిపోయేది.

బావగారు, అంటే అక్క భర్త, బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ మడత నలగని ప్యాంటు, నిటారు నడక, మెడలో విజిలు. ఆయన విజిలు వేస్తే వీధికుక్కలు కూడా వరసలో నిలబడతాయని అక్క ఎగతాళి చేసేది. మావయ్యకు కుర్రతనంలో సైకిలు నేర్పింది ఆయనే. మొదటిసారి హోటల్లో పనికి వెళ్ళేరోజు బూట్లకు పాలిష్ చేసి ఇచ్చిందీ ఆయనే. అలాంటి మనిషి కిందటేడు బ్రెడ్డుకని కొట్టుకు వెళ్ళి, ఇంటిదారి మరిచిపోయి, పక్కవీధిలో ఎవరి గుమ్మం ముందో నిలబడిపోయారు. అక్క తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి చెప్పింది.

"నీకొక్కడికే చెబుతున్నాన్రా. మనసులో పెట్టుకో."

అతను మనసులో పెట్టుకోలేదు. రంగుకాగితంలో పెట్టాడు.

ఆ క్రిస్మస్‌కు బావగారి చేతికి అందిన చిన్న పొట్లంలో నీలం తాడుకు వేలాడే బిళ్ళ ఉంది. దానిమీద ఆయన పేరు, ఇంటి నంబరు, వీధి, అక్క ఫోను నంబరు. అక్షరాలు చెరిగిపోకుండా చెక్కించాడు. "మెడలో వేసుకోండి బావా. దారి తప్పినా ఎవరో ఒకరు తెచ్చి అప్పగిస్తారు!" అన్నాడు. ఒక్క క్షణం గదిలో ఎవరికీ అర్థం కాలేదు. ఆ తరవాత ఎవరో, "మాస్టారికి కొత్త విజిలొచ్చింది," అన్నారు. అందరూ గొల్లుమన్నారు. బావగారు కూడా నవ్వారు. తాడు మెడలో వేసుకుని, ఛాతీ విరిచి, మైదానంలో నిలబడ్డట్టు నిలబడ్డారు. మళ్ళీ నవ్వులు. అందరికన్నా ముందు మొదలుపెట్టింది, అందరికన్నా చివర ఆపింది మావయ్యే. అక్క ఎంగిలి ప్లేట్లు పోగుచేసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఎంతసేపటికీ ఆవిడ బయటికి రాకపోవడం అతను గమనించలేదు. గమనించడమే తన గొప్ప అనుకునే మనిషి, ఆ ఒక్కటీ గమనించలేదు.

ఆ తరవాత ఎప్పుడు ఫోన్ చేసి, బావ ఎలా ఉన్నారే అని అడిగినా అక్కది ఒకటే జవాబు. "బాగున్నారు. పేపరు చదువుకుంటున్నారు."

"మళ్ళీ దారి తప్పలేదుగా?"

"లేదు."

ఇంకేం, తన బిళ్ళ పనిచేసిందనుకున్నాడు. ఇంటికి వెళ్ళినప్పుడు బావగారు కిటికీ పక్క కుర్చీలో మడత నలగని ప్యాంటుతో కూర్చుని చిరునవ్వు నవ్వేవారు. మాట తక్కువైంది. వయసు మీద పడిందిగదా అనుకున్నాడు. అతని ధ్యాసంతా వేరేదాని మీద ఉంది.

అక్క ఉండేది మేడమీద వాటాలో. ఆ వాటా వీధితలుపు కిర్రుమనేది. కిర్రుమనడమంటే అలా ఇలా కాదు, పిల్లి తోక మీద కాలేసినట్టు. కింది వాటావాళ్ళు ఆ అరుపు విని, "మాస్టారింట్లో లేచారు," అనుకునేవాళ్ళట. అది విన్నప్పుడల్లా మావయ్యకు పళ్ళు జివ్వుమనేవి. హోటలు నిండా తలుపుల నోళ్ళు మూయించినవాడు, సొంత అక్క గుమ్మం అలా మొత్తుకుంటుంటే తలెత్తుకుని ఎలా తిరుగుతాడు? నూనె వేస్తానని డబ్బా తెరిస్తే అక్క అడ్డుపడేది.

"ఇప్పుడొద్దులేరా. టీ చల్లారిపోతుంది."

ఇంకోసారి, "తలుపు తలుపు అని దాని వెంటపడతావేంట్రా. ఉండనియ్, దాని మానాన అది."

అది తమ్ముడితో పని చేయించుకోవడానికి మొహమాటం అనుకున్నాడు మావయ్య. సరే, ఈసారి క్రిస్మస్‌కు అడక్కుండానే చేసిపెడదాం, నోరెత్తడానికి వీల్లేకుండా, అనుకున్నాడు.

క్రిస్మస్ పొద్దున అందరూ చర్చికి బయల్దేరారు. హోటల్లో అర్జెంటు పనుందని పెళ్ళానికి అబద్ధం చెప్పి మావయ్య ఆగిపోయాడు. తన దగ్గరున్న రెండో తాళంచెవితో అక్క వాటా తెరిచాడు. అబ్బ, ఏం అరుపు! "ఇదే నీ ఆఖరి కూత," అని తలుపుతో అన్నాడు. రెక్కను గుమ్మంనుంచి ఊడదీసి, గోడకు ఆనించి, అంచు వెంట చిత్రిక పట్టాడు. చెక్క పొరలు సన్నగా చుట్టలు చుట్టుకుని కాళ్ళ దగ్గర పడ్డాయి.

పాత బందులు విప్పుతుంటే ఒక వింత కనబడింది. ఇనుము తుప్పు పట్టడం వింత కాదు. వాన తగలని చోట, ఇంటి లోపల, ఇంత తుప్పా? మడతల్లో తెల్లటి పొడి పేరుకుని ఉంది. వేలికి అంటించుకుని నాలిక మీద పెట్టుకున్నాడు. ఉప్పు! చేతిలో స్క్రూ డ్రైవరు ఒక్క క్షణం ఆగింది. గుమ్మం తుడిచే నీళ్ళలో ఉప్పు కలుపుతుంది కాబోలు, అక్క చాదస్తం ఈనాటిదా, అనుకుని ఉప్పును గుడ్డతో తుడిచేశాడు. తలుపుల భాష తనకొక్కడికే వచ్చనుకునే మనిషికి తలుపు మొహంమీదే చెప్పింది. వినిపించుకోలేదు.

మెరిసే ఇత్తడి బందులు బిగించాడు. తలుపును చిటికెనవేలితో నెట్టాడు. గాలి కదిలినట్టు కదిలింది. పిడికి ఎర్ర రిబ్బను కట్టాడు. ఇనుము పారేసే అలవాటు లేదు కాబట్టి పాత బందులను డబ్బా అడుగున పడేసుకున్నాడు.

చర్చినుంచి తిరిగొచ్చిన జనం మెట్ల మీద గుంపుగా నిలబడ్డారు. అక్క కూతురు, ఆవిడ మొగుడు, తోడల్లుడు, పెళ్ళాం, అందరి ముందూ అక్క. ఆవిడ చెయ్యి పట్టుకుని బావగారు.

"ఈసారి నీ కానుకకు కాగితం చుట్టలేదక్కా. తలుపు తియ్యి," అన్నాడు.

అక్క రిబ్బను చూసింది. తలుపు నెట్టింది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుని, చప్పుడు లేకుండా గోడ దాకా వెళ్ళి ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. "పనికొచ్చే మావయ్యా, అదరగొట్టావు!" అంది మేనకోడలు. అక్క ముఖంలో రంగు పోయింది. పెదవి కదిలింది. ఒకసారి మొగుడివైపు, ఒకసారి చుట్టూ ఉన్న ముఖాలవైపు చూసి, "బాగుందిరా," అంది. నోటమాట రానంత సంతోషం అనుకున్నాడు మావయ్య. కేకు తింటున్నంతసేపూ అక్క కుర్చీని గుమ్మానికి ఎదురుగా వేసుకుని కూర్చుంది. కొత్త తలుపును చూసి మురిసిపోతోందనుకున్నాడు.

సాయంత్రానికి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున అతను బ్రెడ్డుకు వెన్న రాసుకుంటుంటే అక్క వచ్చింది. ఇంట్లో వేసుకునే చెప్పులు, మోచేతుల దాకా సబ్బు నురగ. అతని ఇల్లు వాళ్ళింటికి దగ్గరే అయినా ఆవిడ అలా ఎప్పుడూ రాలేదు.

"మీ బావ ఇక్కడికొచ్చారా?"

"రాలేదే. ఏం?"

"ఇంట్లో లేరు. వెనకవైపు కూర్చుని బట్టలుతుకుతున్నాను. లోపలికొచ్చి చూస్తే తలుపు తీసుంది."

"అలా నడిచొద్దామని వెళ్ళుంటారు. బావేమైనా చిన్నపిల్లాడా, అంత కంగారెందుకే?"

అక్క అతని ముఖంలోకి చూసింది. "చిన్నపిల్లాడేరా. ఇప్పుడు చిన్నపిల్లాడే."

ఆవిడ నిలబడే చెప్పింది. బావగారికి బడి ఇంకా నడుస్తున్నట్టే ఉంటుందట. టైమైందంటూ లేచి గుమ్మం వైపు వెళ్ళిపోతారట. "తాళం వేసి చూశాను ఒకసారి. నన్నెందుకు బంధించావే, నేనేం తప్పు చేశానే అని తలుపు కొట్టుకుంటూ ఏడ్చారు. ఆ ఏడుపు ఇంకోసారి వినలేను. తాళం మానేశాను. తలుపు అరిచేదిగా. అది అరవగానే చేతిలో పని వదిలేసి పరిగెత్తేదాన్ని. 'రండి, ఇవాళ సెలవు,' అంటే చాలు, నవ్వేసి వెనక్కి వచ్చేవారు. అరుపు తగ్గుతోందనిపిస్తే బందుల్లో ఉప్పునీళ్ళు పోసేదాన్ని."

మావయ్య నాలిక మీదికి నిన్నటి ఉప్పు మళ్ళీ వచ్చింది.

"నాకు చెప్పొచ్చు కదే," అన్నాడు. తప్పు ఎదుటివాళ్ళ మీదికి నెట్టడం ఎంత సులువో, ఆ సమయంలో కూడా నోటికి అదే వచ్చింది.

"చెప్పాను కదరా, కిందటేడు." అక్క గొంతు పెంచలేదు. "మళ్ళీ చెబితే మళ్ళీ రంగుకాగితం చుడతావని భయమేసింది. నిన్న గుమ్మంలో నోటిదాకా వచ్చింది. అందరూ ఉన్నారు. ఆయన్ని ఇంకోసారి నలుగుర్లో నిలబెట్టలేకపోయాను."

"ఆ బిళ్ళ మెడలో ఉందా?"

"సొరుగులో ఉంది. ఆ రోజే తీసి దాచెయ్యమన్నారు. అది వేసుకుంటే అందరూ నవ్వుతారే అన్నారు. అన్నీ మరిచిపోయార్రా. అదొక్కటి మాత్రం గుర్తుంది."

మావయ్యకు తల కొట్టేసినట్టయింది. వస్తువు మంచిదే. మెడలో ఉండుంటే ఈపాటికి ఎవరో ఒకరు ఫోన్ చేసి ఉండేవారు. ఉండకుండా చేసింది తన నవ్వు. పెళ్ళాం వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నదని అతనికి తెలుసు. ఆవిడవైపు తిరిగి చూడలేకపోయాడు. ఆవిడ తువ్వాలు తెచ్చి అక్క చేతుల నురగ తుడిచింది. "మీరు ఇంటికి వెళ్ళి ఉండండి వదినా, తిరిగొస్తే ఎవరో ఒకరుండాలి. నేను అటువైపు చూస్తాను, ఈయన ఇటువైపు చూస్తారు," అంది.

సన్నగా వాన పడుతోంది. పండగ మర్నాడు కాబట్టి చాలా దుకాణాలు తెరవలేదు. మావయ్య కనబడ్డవాళ్ళనల్లా ఆపి అడిగాడు. అడగడం అతనికి అలవాటు లేని పని. మాట సరిగ్గా కూడా రాలేదు. "మా బావగారండీ, పెద్దాయన, నిటారుగా నడుస్తారు..."

"ఏం వేసుకున్నారు?" అంది బస్టాపులో ఒకావిడ.

మావయ్య గుర్తు చేసుకోబోయాడు. పొద్దున ఏం వేసుకున్నారో సరే, నిన్నంతా ఎదురుగా కూర్చున్న మనిషి ఏ రంగు చొక్కా వేసుకున్నారో కూడా అతనికి గుర్తు రాలేదు. తలుపుకు ఎన్ని స్క్రూలు బిగించాడో చెప్పగలడు. గడ్డం పెరిగి ఉందా? చిక్కారా? కళ్ళజోడు ఉందా? ఏమీ తెలియదు. "కనిపిస్తే కాస్త ఆపండమ్మా," అని తలొంచుకుని ముందుకు నడిచాడు. ఇన్నాళ్ళూ తను చూసింది మనుషుల్ని కాదు. వాళ్ళ కుర్చీ కాళ్ళనూ, చెప్పుల అడుగులనూ, తలుపుల బందులనూ చూశాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, అంత చలిలోనూ. బావగారికి ఏదైనా అయితే అక్క తనను ఏమీ అనదు. అదే భయంగా ఉంది. అనకుండానే బతికినంతకాలం ఆ తలుపు తీస్తూ, వేస్తూ ఉంటుంది.

బావగారు పనిచేసిన బడి వెనక వీధిలో ఒక చిన్న సెలూన్ తెరిచి ఉంది. అద్దాల తలుపులోంచి చూశాడు. కుర్చీలో, మెడచుట్టూ తెల్లగుడ్డతో, మొహమంతా నురగతో బావగారు కూర్చుని ఉన్నారు. మావయ్య తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"మీవాళ్ళా?" అన్నాడు సెలూన్ ఆయన బ్రష్షు ఆపి. "హమ్మయ్య! వానలో నా గుమ్మం ముందు నిలబడి మెడ తడుముకుంటున్నారండీ, ఏదో పోగొట్టుకున్నట్టు. ఏం కావాలి పెద్దాయనా అని అడిగాను. కాస్త కూర్చోవాలయ్యా అన్నారు. కూర్చోబెట్టాను. ఎవరింటి మనిషో చెప్పలేకపోతున్నారు. లేస్తే మళ్ళీ వెళ్ళిపోతారని గడ్డం గీశాను. ఎవరూ రాలేదు. మళ్ళీ గీశాను."

"రెండుసార్లా?"

"మూడోసారికి గీయడానికి ఏముందండీ? ఉత్తి బ్రష్షుతోనే కాలక్షేపం చేస్తున్నాను."

ఇంకో రోజైతే మావయ్య ఈ మాటకు పడీపడీ నవ్వి, నలుగురికీ చెప్పి ఉండేవాడు. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఏం కావాలి అని అడిగాడట. కూర్చోవాలి అన్నారట. ఎంత చిన్న పని!

బావగారు అద్దంలో అతన్ని చూశారు. "వచ్చావా? బెల్లు కొట్టేశారా?"

"ఇవాళ సెలవు బావా," అన్నాడు మావయ్య. "రండి, ఇంటికెళ్దాం."

బావగారు నవ్వి లేచారు. చొక్కా గోధుమరంగుది. మోచెయ్యి దగ్గర చిరుగు చక్కగా కుట్టి ఉంది. కాళ్ళకు రెండు వేరువేరు చెప్పులు. మావయ్య తన కోటు తీసి ఆయన భుజాల మీద కప్పాడు. దారంతా ఆయన చెయ్యి వదల్లేదు. సైకిలు నేర్పేటప్పుడు సీటు వెనక పట్టుకుని పరిగెత్తిన చెయ్యి అది. ఇప్పుడు పిచ్చుకంత తేలిగ్గా ఉంది.

అక్క గుమ్మంలోనే ఉంది. మొగుణ్ణి లోపలికి తీసుకెళ్ళి, తల తుడిచి, పొడిబట్టలు తీసింది. ఫోన్ చేసి మరదలికి చెప్పింది. తమ్ముణ్ణి ఒక్కమాట అనలేదు. మావయ్య గుమ్మం బయటే నిలబడ్డాడు. తిడితే బాగుండును. చెంప మీద ఒకటిచ్చినా బాగుండును. అక్క వచ్చి, "లోపలికి రారా, తడిసిపోయావు," అంది. అది తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

"అక్కా," అన్నాడు. ఆ తరవాతి మాట పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అడిగినవాడు కాదు. "నీకేం కావాలి?"

అక్క కొత్త ఇత్తడి బందులవైపు చూసింది. "నా తలుపు నాకు కావాల్రా," అంది.

అతను డబ్బా తెచ్చుకున్నాడు. అడుగున పాత బందులు అలాగే ఉన్నాయి. ఇత్తడివి ఊడదీసి, వాటిని బిగించాడు. తలుపు మూగగానే ఉంది. నిన్న చిత్రిక మరీ ఎక్కువ పట్టాడు. చెక్క ఎక్కడా రాసుకోవడం లేదు. పనిమంతుడి పని విప్పడం పనిమంతుడికే కష్టం. నిన్న మడతల్లోంచి తుడిచేసిన ఉప్పుకు బదులు అక్క గిన్నెలో ఉప్పునీళ్ళు కలిపి తెచ్చింది. చుక్క చుక్క పోశాడు. గరుకు కాగితంతో లోపల గీరాడు. స్క్రూలు ఒకవైపు వదులు చేసి, రెక్క ఒరిగేలా బిగించాడు. హోటల్లో ఎవరైనా ఇలాంటి పని చేస్తే డబ్బాతో సహా బయటికి గెంటించేవాడు.

అక్క వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పింది. ఆ హోరులో వినబడాలి, అదీ పరీక్ష. అతను తలుపు కదిపాడు.

"ఏదీ, తియ్యి!" అంది లోపలనుంచి.

"తీశానక్కా."

"వినబడలేదు."

ఇంకా ఒరిగించాడు. ఇంకా ఉప్పు పోశాడు. జీవితమంతా చెవి ఒగ్గి చప్పుడును చంపినవాడు, మోకాళ్ళ మీద కూర్చుని చప్పుడు కోసం ప్రాధేయపడుతున్నాడు. చివరికి రెక్క ఒకచోట మూలిగింది. ఆ మూలుగును పట్టుకుని లాగితే, పిల్లి తోక తొక్కినట్టు అరిచింది.

"ఆఁ, అదే!" అంది అక్క.

బావగారు పొడిబట్టలు కట్టుకుని, నున్నటి గడ్డంతో గదిలోంచి వచ్చారు. గుమ్మం దగ్గర కూర్చున్న మనిషిని మర్యాదగా చూశారు. గుర్తుపట్టలేదు.

"వడ్రంగివా బాబూ?"

మావయ్య తలెత్తాడు. "అవునండీ."

"తలుపు మరీ అరుస్తోంది."

"అవునండీ."

బావగారు వంటింటివైపు ఒకసారి చూసి, వంగి, గొంతు తగ్గించారు. "పోనీలే. నీకు చాతనైనంత చేశావు. ఒక్కమాట. మా బావమరిది ఒకడున్నాడు, తలుపుల పనిలో వాణ్ణి మించినవాడు లేడు. మంచివాడే. వాడికి మాత్రం ఇక్కడి సంగతులేవీ చెప్పకు. నలుగుర్లో నవ్వుతాడు."

మావయ్య చేతిలో స్క్రూ డ్రైవరు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో అసలే తెలియలేదు.

"చెప్పనండి," అన్నాడు.

బావగారు తృప్తిగా తలూపి, ప్యాంటు మడత సవరించుకుని, తలుపు లాగారు. తలుపు ఇల్లంతా వినబడేలా అరిచింది. వంటింట్లో కొళాయి చప్పుడు ఆగింది.